అమ్మీ కొట్టిన చప్పట్లు

మొన్న సరిహద్దులో కాల్పులని టీవీ హోరెత్తిపోతుంటే, మనవరాలు "వనపర్తిల సినిమాకు పోదాం రా దాదీ" అంది. "లడాయి అయిపోయినంక పోదాం తియ్యి" అన్నాను, ఆలోచించకుండానే. "లడాయికి, సినిమాకు ఏం సంబంధం?" అని నవ్వింది. దానికి ఏమని చెప్పేది!

మా అమ్మీకి సినిమా అంటే ప్రాణం. కొల్లాపూర్‌లో మా గాజుల దుకాణం మూయగానే పల్లీలు కొంగున ముడేసుకుని, నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయేది. పక్కింటి పెద్దమ్మ తోడు. దీపాలు ఆరగానే బురఖా ముసుగు పైకెత్తి విలన్‌ను నోరారా తిట్టేది. టికెట్ లేనివాళ్లు దూరకుండా ఆడవాళ్ల వైపు తలుపుకు బయట గొళ్లెం పెట్టేవాళ్లు. ఇంటర్వెల్ దాకా ఎవరికీ విడుదల లేదు.

నా చిన్నప్పుడే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. సినిమాకు ముందు న్యూస్ రీలు వేసేవాళ్లు. మన విమానాలు కనబడగానే హాలంతా చప్పట్లు. అమ్మీ కూడా కొట్టింది, మనస్ఫూర్తిగానే. అయినా ముందు బెంచీలో ఒకావిడ వెనక్కి తిరిగి అమ్మీ చేతులకేసి చూసింది. కోపంగా కూడా కాదు, ఊరికే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ రోజు నుంచి అమ్మీ పల్లీలు తేవడం మానేసింది, చేతులు ఖాళీగా ఉండాలి కదా! సినిమాకు పోవడం మాత్రం మానలేదు. "రాకుంటే ఎందుకు రాలేదంటరు" అనేది.

ఒకరోజు తెర మీద కూలిన వంతెన కనిపించింది. అందరికన్నా ముందు కొట్టాలన్న ఆత్రంలో అమ్మీ టపటపా కొట్టేసింది. శత్రువుల బాంబులకు కూలిన మన వంతెన అది అని ఆ తర్వాత చెప్పాడు రీలులోని మనిషి. హాలు చప్పబడిపోయింది. "ఎవలది?" అని మగవాళ్ల వైపు నుంచి ఒక గొంతు. అమ్మీ నన్ను లాక్కుని తలుపు దాకా పోయి రెండు చేతులా తోసింది. తలుపు తెరుచుకోలేదు.

అప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి తనూ గట్టిగా చప్పట్లు కొట్టింది. "నేను గూడ కొట్టిన. ఏందిప్పుడు? బొమ్మ గిట్ల మసక మసక ఉంటె ఎవలికి ఏం తెలుస్తది!" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. సినిమా మొదలైంది.

బయటికొచ్చాక అమ్మీ, "నువ్వు కొడితే పొరపాటు అక్కా. నేను కొడితే..." అని ఆగిపోయింది.

యుద్ధం తొందరగానే ముగిసింది. వెనక్కి తిరిగి చూసిన ఆవిడ కూతురి పెళ్లికి మా దుకాణానికే వచ్చింది. ఆవిడ చేతులకు అమ్మీయే గాజులు తొడిగింది. అమ్మీ సినిమాకు మాత్రం మళ్లీ పోలేదు. ఊరు ఆ సంగతిని వారంలో మరిచిపోయింది. మరిచిపోవడానికి అమ్మీకి ఒక జీవితం చాలలేదు.