మబ్బుల సారు ఎగరని ఆదివారం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. పావు వంతు తీసేసి చదువుకుంటే మిగిలింది నమ్మొచ్చు. ఆ రోజుల్లో, అంటే నా నెత్తిన జుట్టు ఎక్కువా దాని కింద బుద్ధి తక్కువా ఉన్న కాలంలో, సూరత్‌లో చిన్న విమానాల క్లబ్బులో గుమాస్తాగా చేరాను. ఎగరబోయేవాళ్లకు ఆ పూట వాతావరణ కాగితాలు తీసి ఫైల్లో పెట్టడం నా పని. మా నాయన, బాపు అంటాం, బమ్రోలిలో పవర్‌లూమ్ నడిపేవాడు కాబట్టి, తెలంగాణ నుంచి వలసొచ్చిన మా డిండోలి గల్లీలో నేను దాదాపు పైలట్‌నే (ఆ ప్రచారం కూడా నాదే).

హజీరా ఫ్యాక్టరీలో మేనేజరొకాయన, గోదావరి జిల్లా మనిషి, సరదాకి లైసెన్సు తెచ్చుకుని సెలవు రోజుల్లో ఎగిరేవారు. మేం మబ్బుల సారు అనేవాళ్లం. ఊరు దాటి ఎగరాలంటే దారిలో మబ్బెంత, చేరే వేళకు అక్కడ వానా ఎండా, దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలి, అందాకా ఇంధనం చాలుతుందా అని ముందే చూసుకోవాలన్నది నియమం. సారు ఆ కాగితాన్ని పిల్లకు సంబంధం చూస్తున్నట్టు ఏడు తరాల దాకా విచారించేవారు.

అలాంటి మనిషి ఓ ఆదివారం నన్ను సముద్రపు పాయకు అవతలున్న భావ్‌నగర్ తీసుకెళ్తానన్నారు, డిండోలి మీద ఓ చుట్టు తిప్పి మరీ. గల్లీ గల్లీకీ చెప్పేశాను. అమ్మ డాబా ఎక్కి ఎర్రచీర ఊపుతానంది. పక్కింటత్త, "ఏంది, నీ కొడుకు విమానంల పోతుండా? జర మా ఇంటి మీదికెల్లి గూడ పొమ్మను!" అంది.

ఆ పొద్దున కాగితం తీశాను. మేం చేరే వేళకు భావ్‌నగర్‌లో ఉరుములతో వాన అని ఉంది. బయటేమో వడియాలు గంటలో ఎండిపోయే ఎండ! చెత్తబుట్టలో నిన్నటి కాగితం కనిపించింది, దాంట్లో ఆకాశం శుభ్రం. నా చెయ్యి దానంతటదే బుట్టలోకి వెళ్లి, దాన్ని తీసి, సాపు చేసి, ఫైల్లో పెట్టింది.

సారు మొదటి వరుసలో తేదీ దగ్గరే ఆగిపోయారు. "ఎప్పటిదయ్యా ఇది?"

"ఇయ్యాల్టిదే సార్."

"దీని ప్రాణం నిన్న మధ్యాహ్నమే పోయింది. శవాన్ని జేబులో పెట్టుకుని ఎగరమంటావా?"

అసలుది ఇచ్చాను. చదివి, తాళంచెవి బల్ల మీద పెట్టేశారు. "ఈ పూటకి లేదు."

"ఆకాశం అద్దం లెక్కుంది సార్! మా అమ్మ డాబా ఎక్కింది."

"నువ్వు చూసింది ఇక్కడి ఆకాశం, దిగాల్సింది అక్కడ. ఉరుముల్లో నడిపేంత విద్య నాకు లేదయ్యా. మీ అమ్మగారికి నిన్ను పైన చూపించడం తేలికే, మళ్లీ కిందకి తెచ్చి చూపించొద్దూ?"

నా మోసం గురించి ఎవరితోనూ ఒక్క మాటన్లేదు. నెల రోజులుగా ఆ ప్రయాణం కోసం ఎదురుచూసిన మనిషి, "పద, లోచో తిందాం" అని ఆ సూరత్ శనగపప్పు టిఫిన్ వేడివేడిగా ఓ ప్లేటు పెట్టించారు.

ఇక మధ్యాహ్నం భావ్‌నగర్‌లో మొదలైంది చూడండి వాన! ఏనుగు తొండాలంత ధారలు. రెండు గేదెలు గాలికి లేచి, సముద్రం దాటి, ఇటు మా సూరత్ పక్కన డుమస్ ఒడ్డున దిగాయట (నెమరు మాత్రం ఆపలేదట).

గేదెలు అబద్ధమని మీకెలాగూ తెలుసు. వాన కూడా అబద్ధమే. ఆ రోజు అక్కడ చినుకు పడలేదు. మర్నాడు ఆ సంగతి ఎత్తిపొడిస్తే సారు, "పోన్లేవయ్యా, మంచిదేగా" అని వచ్చే ఆదివారం గురించి మాట్లాడారు. వినేవాళ్లు ఆయన్ని పిరికివాడనుకుంటారేమోనని ఇన్నేళ్లుగా ఆ వాన నేనే కురిపిస్తున్నాను. ఆయనకు మాత్రం అది ఎప్పుడూ అవసరం పడలేదు.