దురాయి ఎత్తని రెండు ఊళ్లు

ఆ ఉదయం దక్షిణం నుంచి మరబోట్లు మళ్లీ వచ్చాయి. ఒడ్డు మీంచి కేకేస్తే వినపడేంత దగ్గరగా వల లాగుతూ పోయాయి. మా ఊరి మగవాళ్లంతా ఇసుకలో నిలబడి చూశారు. ఏటి పాయకు అవతల పక్క ఊరి వాళ్లు కూడా నిలబడి చూశారు. రెండు ఊళ్లూ ఏకమై తరిమేసిన బోట్లే అవి. ఇటు గానీ అటు గానీ ఒక్క పడవ కదల్లేదు.

మా తమ్ముడు తన పడవ అంచు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లు మంగళూరు బోట్లలో కూలికి పోయి, ఇక ఇంకొకరి బోటు ఎక్కనని ఈ ఏడే సొంత పడవ కొనుక్కున్నాడు. రొయ్య ఒడ్డుకు దగ్గరగా వచ్చేది వానలు తగ్గాక కొద్ది వారాలే. అది తప్పిపోతే మళ్లీ మంగళూరే.

పక్కనే మా చిన్నాయన, ఇస్త్రీ చొక్కాలో.

"చిన్నాయనా, మన రొయ్య పోతుండాది," అన్నాడు తమ్ముడు.

"చూస్తానే ఉండా గదరా."

"చూస్తే వల్లో పడతాదా?"

"మాటలు జరగతా ఉండాయి. తొందరపడితే ఊరి పరువు పోతాది."

"పరువు మార్కెట్లో ఎవరన్నా కొంటారేమో కనుక్కో. బుట్టకెత్తుకుని పోతా," అన్నాడు తమ్ముడు. వెనక ఎవరో నవ్వారు. చిన్నాయన నవ్వలేదు.

పడవలు ఎందుకు కదల్లేదో చెప్పాలంటే దురాయి సంగతి చెప్పాలి. మా తీరంలో ఊరి పెద్దలు కూర్చుని వేసే కట్టడిని దురాయి అంటారు. దాన్ని మీరినవాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు, వాడి ఇంట చావుకీ పెళ్లికీ పోరు. వానలకు ముందు దక్షిణం బోట్లు మా వలలు తెంపుకుంటూ పోవడం ఎక్కువైతే, రెండు ఊళ్లూ కలిసి దురాయి వేశాయి. గొడవ తేలేదాకా ఎవరూ వేటకు పోకూడదు, అందరూ కాపలాకే. మంచి ఆలోచనే. వంతులు వేసుకుని కాపలా కాశారు. రెండు బోట్లు పట్టుకొచ్చి ఒడ్డున కట్టేశారు. చివరికి దక్షిణం వాళ్లు అధికారుల ముందు తప్పు ఒప్పుకుని, ఇకమీదట రామని మాట ఇచ్చి బోట్లు విడిపించుకుపోయారు. ఇక దురాయి ఎత్తేసి వేటకు పోవడమే మిగిలింది.

ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. ముందు వేసిన ఊరే ముందు చాటింపు వేసి ఎత్తాలి, రెండో ఊరు ఆ తర్వాత. ముందు ఎత్తిన ఊరిదే పెద్దరికం. రేపు దక్షిణం వాళ్లతో ఏ మాట వచ్చినా ఆ ఊరే మాట్లాడుతుంది, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తొలి వల ఆ ఊరిదే. కాపలా కాసినన్నాళ్లూ ఎవరు ముందు వేశారన్నది ఎవరికీ పట్టలేదు. గెలిచిన మర్నాడు రెండు ఊళ్లకీ తామే ముందని గుర్తొచ్చింది. మాట కుదరకుండా ఒక ఊరు వేటకైనా కాపలాకైనా నీళ్లలోకి దిగితే రెండో ఊరు వలలు కోసేస్తుంది.

అందుకని రాయబారులను పెట్టుకున్నారు. మా తరఫున చిన్నాయన, అటు తరఫున ఆ ఊరి మాజీ సర్పంచ్. ఇద్దరికీ పడవల్లేవు. కాపలా రోజుల్లో ఒకరినొకరు బావా అని పిలుచుకుని, ఒకే గిన్నెలో కూర కలుపుకున్నవాళ్లు. గెలిచాక బావ పోయి గారు వచ్చింది. ఒకరి ఊరికి ఒకరు పోతే తగ్గినట్టవుతుందని సూళ్లూరుపేటలో ఒక హోటల్ మేడ మీద కలిసేవాళ్లు. పత్రికలో పనిచేసినవాణ్ణి కాబట్టి మాటలు కాగితం మీద పెడతానని చిన్నాయన ఒకసారి నన్నూ తీసుకుపోయాడు.

ఎవరు ముందు కూర్చోవాలో తేలక ఇద్దరూ కుర్చీలు పట్టుకుని నిలబడ్డారు. సర్వర్ వచ్చి "ఏం తెమ్మంటారు సార్" అన్నాక కూర్చున్నారు. పీతల వేపుడు దగ్గర ముందూ వెనకా అన్న తగాదా రాలేదు. చెరో వైపు నుంచి ఒకే పళ్లెంలోకి చేతులు పోనిచ్చారు. మంత్రుల సమావేశాల బయట వరండాల్లో నేను చాలా కాలం గడిపాను. అక్కడ కూడా ఇంత దండగ మాటలు వినలేదు.

"రెండు ఊళ్లలోనూ ఒకేసారి చాటింపు వేస్తే సరిపోదా?" అని అడిగాను.

"ఒకేసారంటే ఎవరి టైము సార్?" అన్నాడు మాజీ సర్పంచ్.

"ఫోన్లలో టైము ఒకటే కదా."

"టైము ఒకటేరా అబ్బయ్యా. ఫలానా టైముకు వేద్దామని చెప్పేదెవరు?" అన్నాడు చిన్నాయన. "చెప్పినోడిది గదా పైచెయ్యి."

"మీ చిన్నాయన గారు సరిగ్గా చెప్పినారు," అన్నాడు మాజీ సర్పంచ్. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ కుదిరింది ఆ ఒక్క మాటే. నేను తీసుకుపోయిన కాగితం తెల్లగానే తిరిగొచ్చింది.

ఇది జరిగిన కొన్నాళ్లకే దక్షిణం బోట్లు మళ్లీ వచ్చాయి. రెండు ఊళ్లూ కొట్టుకుంటున్నాయని వాళ్లకు తెలిసిపోయింది, ఖాళీగా ఉన్న సముద్రం కనపడనే కనపడింది. వాళ్లు మాట తప్పారని అధికారులకు అర్జీ ఇవ్వాలి. అది ఏ ఊరి పేరు మీద ఇవ్వాలన్న దగ్గర రాయబారులు మళ్లీ మేడ ఎక్కారు. అర్జీ పోలేదు. బోట్లు మాత్రం రోజూ వస్తున్నాయి.

తమ్ముడు మరో వారం ఆగి చూశాడు. తర్వాత పడవ మీద టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించాడు. స్టేషన్‌కు బయల్దేరుతుంటే మా మరదలు అడిగింది.

"చిన్నమామకు చెప్పినావా?"

"చెప్తే దానికీ ఒక మీటింగ్ పెడతాడు," అని సంచి భుజానికి తగిలించుకున్నాడు.

ఇప్పుడు మంగళూరులో ఇంకొకరి బోటు మీద ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, రొయ్య ఇంకా ఉందా, వచ్చేయమంటావా అని అడిగాడు. ఉంది, దక్షిణం వాళ్లు ఎత్తుకుపోతున్నారు అన్నాను. వచ్చేయమని మాత్రం అనలేకపోయాను. రాయబారులు కలుసుకోవడం మానేశారు. చిన్నాయన ఆ ఊరి నుంచి ఫోన్ రావాలంటున్నాడు, మాజీ సర్పంచ్ మా ఊరి నుంచి రావాలంటున్నాడు. ఎవరు ఎవరికి ముందు ఫోన్ చేయాలన్నది నిన్నటి దాకా తేలలేదు.