గిల్‌బ్రైడ్ మింగేసిన పేరు

ఓరన్ లోయకు ప్రభువులు వస్తూ పోతూ ఉండేవారు. వాళ్ల పేర్లు చెప్పడానికి గిల్‌బ్రైడ్ మాత్రం మిగిలి ఉండేవాడు. వంశం చెప్పడం అతని తాతల నాటి వృత్తి. కొత్త ప్రభువు పట్టపు రాతి మీద పాదం మోపగానే ముందు అతని పేరు, కన్నతల్లి పేరు, ఆపైన ఐర్లండు నుంచి పడవేసుకొచ్చిన మూలపురుషుడి దాకా తండ్రుల వరస గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. అతని నోట వచ్చిందే వంశం, రానిది లేనట్టే.

అంత నోరున్న మనిషికి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. భార్య ఎప్పుడో పోయింది. ఒక్కగానొక్క కూతురు డెర్వాల్‌ను ప్రభువు లాక్లన్ మనసుపడి, పాదిరి లేకుండా, పాత పద్ధతిలో ఇద్దరి చేతులూ గుడ్డతో కలిపి కట్టించుకుని పెళ్లాడాడు. ఆమె నీల్‌ను కని పురిట్లోనే కన్నుమూసింది. లాక్లన్ వెంటనే మార్జరీ దొరసానిని చర్చిలో చేసుకున్నాడు. పిల్లవాణ్ణి ఆవిడే తన కడుపున పుట్టినవాడిగా పెంచింది, లోయా అలాగే నమ్మింది. ఇప్పుడు ఆ దంపతులూ లేరు, డెర్వాల్ పెళ్లి చూసినవాళ్లూ లేరు.

తన పట్టానికి ముందు రోజు నీల్ గుడిసెకు వచ్చి తలుపు వేశాడు.

"తాతా, రేపు మార్జరీ పేరు చెప్పు."

"నిన్ను కన్నది నా బిడ్డరా!"

"చేతులు కట్టుకున్నది పెళ్లే కాదంటున్నాడు పాదిరి. మా చిన్నాన్న కొడుకు రువారీ ఎప్పుడు దొరుకుతానా అని కాచుక్కూచున్నాడు. నువ్వు అమ్మ పేరెత్తావో, లోయ వాడిది, చావు నాది."

"ఎత్తకపోతే దాని గతేంటి?"

"అమ్మ ఎలాగూ లేదు కదా తాతా."

వెధవ చెంప పగలగొడదామనుకున్నాడు ముసలాయన. కానీ ఎదురుగా ఉన్నవి డెర్వాల్ కళ్లు, చెయ్యెలా లేస్తుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మనవడు పోతాడు, చెప్పకపోతే కూతురు రెండోసారి పోతుంది.

మర్నాడు తుంపరలో జనం రాతి చుట్టూ మూగారు.

"నీల్..." అన్నాడు గిల్‌బ్రైడ్. రాతి మీద నిలబడ్డ మనవడి కళ్లలోకి చూశాడు. రువారీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మార్జరీ కన్న నీల్, లాక్లన్ కొడుకు..." ఇక ఆగలేదు, మూలపురుషుడి దాకా ఏకబిగిన వెళ్లిపోయాడు. జనం కత్తులెత్తి కేకలేశారు. పక్కనున్నవాళ్లు భుజం తట్టి మెచ్చుకుంటుంటే, ఇంతమందిలో ఇంత ఒంటరితనం ఉంటుందా అనుకున్నాడతను.

విందులో రువారీ గిన్నె పట్టుకొచ్చి అతని పక్కనే చతికిలబడ్డాడు. అనుమానం ఇంకా తీరలేదు.

"ఏం ముసలాయనా, పళ్లూడినా నోరు భలే ఆడుతోందే! ఇన్ని పేర్లూ నీ తర్వాత ఎవరికిచ్చిపోతావ్? నీకో కూతురుండేదని ఎవరో అన్నారు?"

ప్రభువు కూర్చునే పైబల్ల దగ్గర నీల్ రొట్టె విరవబోతూ అలాగే ఉండిపోయాడు.

గిల్‌బ్రైడ్ నవ్వాడు. "తాగినోళ్ల మాటలు నమ్ముతావేంటయ్యా? నాకు పిల్లల్లేరు. అసలు పుట్టనే లేదు."

"అయ్యో పాపం," అని రువారీ నిజంగానే జాలిపడి, అతని గిన్నెలో ఇంకాస్త సారా పోశాడు.