పక్కింటి ఆంటీ ఇచ్చిన డిటెక్టివ్ నవల

పెళ్ళయి ఫరీదాబాద్ వచ్చిన కొత్తలో నాకు హిందీ రాదు. మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాక తెలుగులో మాట్లాడటానికి పక్క ఫ్లాటు ఆంటీ ఒక్కరే దిక్కు. తెనాలి వైపు మనిషి. ఢిల్లీలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒంటరిగా ఉండేవారు.

"ఇంగ్లీషు చదువుతావుగా, ఇది పట్టుకెళ్ళు" అని ఒకరోజు అట్ట చిరిగిన డిటెక్టివ్ నవల ఇచ్చారు. రాసినావిడ పాతకాలపు ఇంగ్లండు రచయిత్రి. అందులో హంతకుణ్ణి పట్టుకునేది పోలీసు కాదు, ఓ ముసలావిడ! ఎవరూ లెక్కచేయని చిన్న తేడాలు ఆవిడ కంటపడేవి. అన్నం మాడుతున్నా పుస్తకం దించలేకపోయాను. ఆ తర్వాత ఆంటీ బీరువాలో ఉన్న ఆ రచయిత్రి పుస్తకాలన్నీ వరసపెట్టి చదివాను.

ఆదివారం చర్చికి వెళ్తూ ఆంటీ మా తలుపు తట్టి "వెళ్ళొస్తానమ్మాయ్" అనేవారు. ఓ ఆదివారం తట్టలేదు. వెళ్ళి బెల్లు కొట్టాను. పలకలేదు. కిందికి దిగి గార్డుని అడిగితే "చర్చ్ గయీ హోంగీ, దీదీ" అన్నాడు.

సరే, చర్చికే వెళ్ళిపోయి ఉంటారనుకుని మెట్లెక్కాను. ఆవిడ గుమ్మం పక్క స్టాండులో చర్చికి వేసుకునే తెల్ల చెప్పులు కనిపించాయి. బజారుకి వేసుకునే జత కూడా అక్కడే ఉంది. తలుపుకి చెవి ఆనించాను. లోపల నీళ్ళు ధారగా పడుతున్నాయి.

మా ఆయన్ని లేపాను.

"స్నానం చేస్తుంటారు. ఆ పుస్తకాలు చదివి చదివి నీకు అన్నీ అలాగే కనిపిస్తున్నాయి" అన్నారు.

నిజమేనేమో అని ఒక్క క్షణం తగ్గాను. కానీ ఎన్నిసార్లు బెల్లు కొట్టినా నీళ్ళ చప్పుడు ఆగలేదు.

"మీరు వెళ్తారా, నన్ను దూకమంటారా?" అని అరిచాను.

ఆయన మా బాల్కనీ మీంచి వాళ్ళ బాల్కనీలోకి దాటారు. నేను తలుపు ముందు నిలబడ్డాను. లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరిచిన మా ఆయన ముఖం పాలిపోయి ఉంది.

ఆంటీ బాత్రూమ్ నేల మీద తడిసి ముద్దయి ఉన్నారు. ఒక కాలు పక్కకి తిరిగిపోయింది. పెదాలు నీలంగా ఉన్నా కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అరుస్తూనే ఉన్నానమ్మాయ్. నీళ్ళ హోరులో ఎవరికీ వినపళ్ళా" అన్నారు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. వాకర్ పట్టుకుని మళ్ళీ మా గుమ్మం దాకా రాగలిగేసరికి చలికాలం వచ్చేసింది. వచ్చిన రోజే వాళ్ళింటి తాళంచెవి ఒకటి మా ఆయన చేతిలో పెట్టారు.