జర అడ్జస్ట్ చేస్కో

వనపర్తి బస్సులో నేను పోగొట్టుకున్నవి మూడు: కిటికీ పక్క చోటు, కూర్చున్న సీటులో సగం, నా లెక్క మీద నమ్మకం. అంతా గద్వాల చీరల మూటతో ఎక్కే ఒక పెద్దమ్మ పుణ్యమే.

"జర అడ్జస్ట్ చేస్కో బిడ్డా," అంటూనే కూర్చునేది.

"ఇద్దరి సీట్ల ముగ్గురెట్ల పడతరు పెద్దమ్మా?"

"లెక్కలు తర్వాత జెయ్యి, ముందుగాల జరుగు."

ఆమె వాడుకలో అడ్జస్ట్ చేసుకోవాల్సింది ఎప్పుడూ అవతలివాడేనని తేల్చుకున్నాను.

ఒకరోజు జ్వరంతో ఉన్న మా అమ్మను దవాఖానకు తీసుకెళ్తున్నాను. బస్సు నిండిపోయింది. అమ్మ నిలబడలేక తూలుతోంది. సీటు అడగడానికి, అన్ని లెక్కలు చెప్పిన నాకు నోరు రాలేదు. అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్న పెద్దమ్మే లేచి అమ్మను కూర్చోబెట్టి, మూట నా చేతుల్లో పెట్టింది.

"అడ్జస్ట్ చేస్కో బిడ్డా," అంది. వనపర్తి దాకా నిలబడే వచ్చింది.

మళ్లీ కనిపించలేదు. ఆమెకు నేను ఇప్పటికీ బాకీ: ఒక నిండు సీటు, కిటికీ పక్కది.