యారాడలో నా ఫిన్లాండు కాపురం

దేశం దాటకుండానే ఇరవైమూడు రోజులు విదేశంలో కాపురం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నేను విమానం ఎక్కలేదు, నా పాస్‌పోర్టు మీద ఒక్క ముద్రా పడలేదు. అయినా మా చర్చి సంఘమంతా నేను మంచులో గడ్డకట్టుకుపోతున్నానని మోకాళ్ళ మీద ప్రార్థించింది. సరిగ్గా ఆ సమయానికి నేను యారాడలో మా పిన్ని డాబా మీద ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుతున్నాను. ఉన్న కాస్త పరువూ ఒక్కరోజులో పోలేదు, విడతలవారీగా పోయింది. ఎలా పోయిందో చెబుతాను, మీరు తీరిగ్గా నవ్వుకోండి. నేనిప్పుడు నవ్వుకుంటున్నాను కాబట్టి మీకూ ఆ హక్కుంది.

మా ఆయన దానియేలు వెల్డరు. మేం విశాఖ కూర్మన్నపాలెంలో ఉండేవాళ్ళం, ఆయన స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవారు. తర్వాత ఫిన్లాండులో ఓడలు కట్టే చోట పని దొరికి వెళ్ళారు. దేవుని దయవల్ల పని బాగుంది, గది బాగుంది, చలి కూడా బాగానే ఉంది. లేనిదల్లా మేమే. నేను, పదేళ్ళ షారోను, ఐదేళ్ళ బ్లెస్సీ. ఆయన వెళ్ళేనాటికి బ్లెస్సీకి మూడేళ్ళు. దానికి నాన్నంటే ఫోనే. వీడియో కాల్ అయిపోయాక ఫోనుకి దుప్పటి కప్పి "నాన్నకి చలేస్తాది" అనేది. అది చూసినప్పుడల్లా ఈత కొట్టుకుంటూనైనా వెళ్ళిపోదామా అనిపించేది నాకు.

మా ముగ్గురికీ అక్కడ నివాస పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాం. వేలిముద్రలిచ్చి వచ్చాం. ఇక రావలసింది ఒక్క జవాబు.

"మహా అయితే రెండు వారాలు," అన్నారాయన ఫోన్లో.

ఇక్కడ నా చదువు సంగతి ఒకటి చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారే ఇంట్లో వాకిట్లో కూర్చోబెట్టి చదివించారు. ఆయన ప్రశ్న అడిగేవారు, నేను చెప్పేదాన్ని, తప్పయితే నెత్తిన మొట్టికాయ. ఫలితం అక్కడికక్కడే తేలిపోయేది. పరీక్ష రాసి నెలల తరబడి ఎదురుచూడటమనే విద్య నా సిలబస్‌లో లేదు. ఆ ఒక్క లోటు తప్ప ఆయన చదువుకి నేనెప్పుడూ రుణపడే ఉంటాను.

ఆ రెండు వారాలూ నేను మనిషిలా లేను, మూత సరిగా పడని కుక్కరులా ఉన్నాను. సూట్‌కేసు పదకొండుసార్లు సర్దాను. సర్దిన ప్రతిసారీ పైకెత్తి చూసేదాన్ని, బరువెక్కువైందని చింతపండు తీసేసేదాన్ని, ఫిన్లాండులో చింతపండు లేకుండా ఎలా బతుకుతామని మళ్ళీ పెట్టేదాన్ని. అన్నం వారుస్తూ ఫోను చూసేదాన్ని, ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఒక కన్ను తెరిచి ఫోను చూసేదాన్ని.

"అమ్మా, ఆ ఫోనుని కాసేపు ఊపిరి తీసుకోనీ," అంది షారోను.

రెండు వారాలు గడిచినా జవాబు రాలేదు. నవంబరు ఆఖరుకొచ్చింది. అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. భయం పర్మిట్ గురించి కాదు, మా పాస్టరుగారి క్యాలెండరు గురించి.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడు ఒక మేలు చేస్తే ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టి, సంఘాన్ని పిలిచి, ప్రార్థన చేయించి, భోజనాలు పెడతాం. అది చేయకుండా ఊరు దాటడం నా వల్ల కాదు. కాని డిసెంబరు వచ్చిందంటే మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, చేతికి దొరకరు. పండగకి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్, మరొకరి సంఘంలో సెమీ క్రిస్మస్‌లు. ఈలోగా పర్మిట్ వచ్చేసి, టికెట్టు తీసేసి, కూటం లేకుండా విమానం ఎక్కాల్సి వస్తే? కృతజ్ఞత ముందు చెబితే తప్పేముంది? దేవుడికి ముందూ వెనకా ఉంటుందా?

ఫోను చేశాను.

"అయ్యగారూ, వందనాలండి. కృతజ్ఞత కూటం పెట్టుకుందామనుకుంటన్నామండి."

"స్తోత్రం! పర్మిట్ వచ్చీసిందామ్మా?"

"దేవుడు కార్యం చేసేడండి."

చూడండి, నేను అబద్ధమాడలేదు. దేవుడు ఎప్పుడూ ఏదో ఒక కార్యం చేస్తూనే ఉంటాడు కదా.

"అయితే ఈ శనివారం పొద్దున్న ఒక్కటే కాళీ ఉందమ్మా. తర్వాత జనవరే."

"శనివారమే కానియ్యండి."

ఈ సంగతి మా ఆయనకు చెబితే ఫోన్లోంచి బయటికొచ్చి కొట్టేలా అరిచారు.

"ఏటే కరుణా, పర్మిట్ రాకుండా కూటమేటి? నీకేటైనా మతి పోనాదా?"

"విశ్వాసమండి."

"విశ్వాసం నాకూ ఉంది. టికెట్టు మాత్రం పర్మిట్ వచ్చేకే తీత్తాను."

తీయకపోతే మానె, నేను ఆగలేదు. ఇంటివారికి ఖాళీ చేస్తున్నామని చెప్పాను. పిల్లల టీసీలు తీసుకున్నాను. కూటం రోజున నలభైమందికి చికెన్ పలావు వండించి, గిన్నెలూ బకెట్లూ కుర్చీలూ అందరికీ పంచేశాను. మా పక్కింటి రాహేలక్కకి మిక్సీ ఇచ్చాను. స్త్రీల సమాజం వాళ్ళు మాకు నాలుగు మంకీ క్యాపులు కానుకగా ఇచ్చారు. పాటలు పాడారు, ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడుపు మాత్రం నిజం.

భోజనాలయ్యాక ఆటో వచ్చింది. అందరూ వాకిట్లో నిలబడి చేతులూపారు. మేం ఎక్కడికని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఎయిర్‌పోర్టుకే కదమ్మా?" అన్నాడు ఆటో ఆయన, సూట్‌కేసులు చూసి.

"ముందు పోనియ్యి బాబూ."

గాజువాక జంక్షన్ రాగానే గొంతు తగ్గించి, "కుడిపక్కకి తిప్పు. సింధియా మీదుగా యారాడ," అన్నాను.

ఆయన ఆటో ఆపి వెనక్కి తిరిగి మమ్మల్ని ముగ్గుర్నీ, సూట్‌కేసుల్నీ, మంకీ క్యాపుల్నీ చూశాడు.

"ఏటమ్మా, ఇమానాలు యారాడలో దిగుతన్నాయేటి?"

సముద్రం ఒడ్డున ఉన్న ఆ యారాడలో మా మేరీ పిన్ని ఉంది. బాబాయి చేపల వేటకెళతాడు. మహా అయితే నాలుగు రోజులుండి వెళతామని చెప్పి దిగాను. నాలుగు పదయ్యాయి, పది పదిహేనయ్యాయి. పిన్ని ఒక్కమాటా అనలేదు, ఆవిడ మేలు నేను మరవను. కాని ఆవిడ మనసులోది దాచుకునే మనిషి కాదు.

"ఏటే అమ్మీ, ఈ ఫిన్లాండోళ్ళు కాగితం సదవడానికి కళ్ళజోడు సేయించుకుంటన్నారేటి?"

నేను పొద్దున్నే లేచి సముద్రం దాకా నడిచేదాన్ని, తిరిగొచ్చి డాబా ఎక్కేదాన్ని, సిగ్నల్ బాగుంటుందని ఫోను పైకెత్తి పట్టుకునేదాన్ని. పిల్లలకి మా నాన్నగారిలాగే వాకిట్లో పాఠాలు చెప్పేదాన్ని. పాఠం మధ్యలో మళ్ళీ డాబా ఎక్కేదాన్ని. పిన్ని ఇంటి మెట్లు నా వల్లే అరిగాయని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అసలు చిక్కు స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపుతో వచ్చింది.

"కరుణా, బాగా సేరేరా?" అని రాహేలక్క.

"దేవుని కృపవల్ల చేరాం అక్కా." చేరాం కదా, యారాడకి.

"అక్కడ సలి ఎలాగుంది?"

"మేం తట్టుకోగలిగినంతే ఉందక్కా."

"తిండికి ఇబ్బందేటి లేదుగదా?"

"చేపలు బాగా దొరుకుతున్నాయి."

"పిల్లలు మంచులో ఆడుతన్నారా?"

ఇక్కడ ఇరుక్కున్నాను. చాలాసేపు ఆలోచించి "బాగా ఆడుతున్నారు" అని మాత్రం రాసి, ఆడేది ఇసుకలోనన్న ముక్క దేవుడికొక్కడికే చెప్పుకున్నాను. ఒక్క అబద్ధం ఆడకుండా ఇంతమందిని ఇంత చక్కగా మోసం చేయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అది తెలిసిన రోజు సాయంత్రం ప్రార్థన మధ్యలోనే లేచిపోయాను. ఆ గ్రూపుని సైలెంటులో పెట్టేశాను.

ఇలా ఉండగా ఒకరోజు మా ఆయన ఫోను చేశారు. గొంతు వేరేగా ఉంది.

"మెయిల్ వచ్చింది. మన పెళ్ళి పత్రం మీద సంఘం ముద్ర సరిగా లేదట. ఇప్పటి పాస్టరుగారు రిజిస్టరుతో సరిచూసి, ఆ అసలు పత్రం మీదే సంతకం పెట్టి ముద్ర వెయ్యాలి. పది రోజుల్లో పంపాలి."

"పంపకపోతే?"

"మనం మొగుడూ పెళ్ళాలమని ఆళ్ళకి రుజువు లేనట్టే. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాల. ఇంకో ఏడాది పడతాదో ఏటో." అన్నారాయన. "బ్లెస్సీ నన్ను ఫోనే అనుకుంటాది కరుణా."

ఆ అసలు పత్రం నా సంచిలో ఉంది. నేను ఫిన్లాండులో ఉన్నాను. పాస్టరుగారు కూర్మన్నపాలెంలో ఉన్నారు.

"మీ బాబాయి సేత పంపించీ, కొరియర్‌లో వొచ్చిందని సెప్తాడు," అంది పిన్ని.

వద్దన్నాను. ఇప్పటిదాకా నిజాన్ని వంచాను, విరిచేస్తే దేవుడు ఊరుకోడు. వద్దన్నానే గాని, వెళ్ళడానికి కాళ్ళూ రాలేదు. నాలుగు రోజులు డాబా ఎక్కాను, దిగాను. ఐదో రోజు సాయంత్రం ధైర్యం చేసి, పత్రం తీసుకుని, మామూలు రోజు కదా, అయ్యగారు ఒక్కరే ఉంటారు, కాళ్ళ మీద పడి చెప్పుకుందామని పిల్లలతో బయలుదేరాను. ఎవరైనా గుర్తుపడతారని ముగ్గురం మంకీ క్యాపులు పెట్టుకున్నాం. విశాఖలో ఆ ఉక్కలో మంకీ క్యాపు పెట్టుకున్నవాళ్ళని గుర్తుపట్టకపోవడం అటుంచి, బస్సంతా మమ్మల్నే చూసింది.

చర్చి దగ్గర దిగి చూశాను. వాకిట్లో స్టార్లు, సీరియల్ లైట్లు, లోపల కిటకిటలాడుతూ జనం. ఆ రోజే మా సెమీ క్రిస్మస్. గ్రూపుని సైలెంటులో పెట్టుకున్న పుణ్యం.

వెనక్కి తిరుగుదామనుకున్నాను. అప్పుడే మైకులో అయ్యగారి గొంతు.

"...దూరదేశంలో ఉన్న మా సహోదరి కరుణను, ఆ చిన్నబిడ్డలను జ్ఞాపకం చేసుకో తండ్రీ. ఆ గడ్డకట్టే చలిలో వారికి వెచ్చదనం దయచేయి తండ్రీ..."

చెమట క్యాపులోంచి కారి మెడ మీదుగా వీపులోకి దిగుతోంది. ఇంతకన్నా వెచ్చదనం ఏ తండ్రీ ఇవ్వలేడు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. గుమ్మంలో మేం ముగ్గురం మూడు ఎలుగుబంట్లలా నిలబడ్డాం. బ్లెస్సీ నా చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది. దాని గొంతు చిన్నగా మాట్లాడటమెరుగదు.

"అమ్మా! మనం ఇక్కడే ఉన్నామని అయ్యగారికి సెప్పు. పాపం దేవుడు మనకోసం అక్కడ ఎతుక్కుంటాడు!"

మైకు ఆగిపోయింది. కళ్ళు తెరుచుకున్నాయి. ముందు వరసలోంచి రాహేలక్క లేచింది.

"ఓలమ్మో! కరుణా! ఎప్పుడొచ్చేవే?"

"వెళితే కదక్కా, రావడానికి."

"వెళ్ళలేదేటి? మరి ఆ సేపలు, ఆ మంచు, ఆ తట్టుకోవడం..."

"యారాడక్కా."

రాహేలక్క ఒక్క క్షణం ఆలోచించింది. "మిక్సీ కోసం రాలేదుగదా?"

అంతే, చర్చి చర్చంతా నవ్వింది. ఆ నవ్వుకి నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను గాని, దానివల్లే నాకు ఏడుపు కూడా వచ్చేసింది, ఏడుపుతోపాటు నిజమూ వచ్చేసింది. అయ్యగారు నన్ను ముందుకి పిలిచి మైకు ఇచ్చారు. జవాబు రాకముందే కూటం పెట్టానని, మాట దాచానని, దాచిన మాట రోజురోజుకీ లావెక్కిందని అందరిముందూ ఒప్పుకున్నాను. పత్రం చూపించి, ఇది లేకపోతే పిల్లలు ఇంకో ఏడాది నాన్నని చూడలేరని చెప్పాను.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నాలుగు ఆదివారాలు నీ సలి తగ్గించమని గట్టిగా ప్రార్థించేం. ఈ యేడు యారాడలో సలెందుకు పడలేదో ఇప్పుడర్థమయింది."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే ఆయన ఆఫీసు గదిలోంచి పెళ్ళిళ్ళ రిజిస్టరు తెప్పించి, వేలితో వరస వరసా వెతికి, మా ఇద్దరి పేర్లూ పట్టుకుని పైకి చదివారు. సంతకం పెట్టి, ముద్ర రెండుసార్లు వేశారు. ఒకటి సరిపోదా అంటే, "నీ యవ్వారం సూసేక ఒకటి సాలదమ్మా," అన్నారు.

పత్రం గడువులోపే వెళ్ళింది. జనవరి ఆఖరులో ముగ్గురికీ పర్మిట్ వచ్చింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. కార్డులు చేతికొచ్చాయి, టికెట్లు చేతికొచ్చాయి, వాటిని మూడుసార్లు తడిమి చూసుకున్నాక అప్పుడు సంఘానికి చెప్పాను, ఆదివారం విమానమెక్కుతున్నామని.

ఒక్కరూ కన్నీరు పెట్టలేదు. ఒక్కరూ చేయి ఊపలేదు.

"ఎల్లిరామ్మా," అంది రాహేలక్క, ఇంకో మాట ఆలోచించకుండా. "మీ పిన్నిని అడిగేనని సెప్పు."

ఫిన్లాండు విమానాశ్రయంలో మా ఆయన్ని చూసి బ్లెస్సీ ముందు నా వెనక దాక్కుంది. తర్వాత మెల్లగా వెళ్ళి ఆయన చెంప మీద వేలితో నొక్కి చూసింది, స్క్రీను కాదని తేల్చుకున్నాక మెడ పట్టుకుని వేలాడి ఇక దిగలేదు. నేను అక్కడే నిలబడి, ఎవరూ చూడకుండా, చాలాసేపు స్తోత్రం చెప్పుకున్నాను. ఆ కూటానికి పలావు లేదు, పాస్టరుగారు లేరు.

మర్నాడు మోకాలి లోతు మంచులో నలుగురం నిలబడి ఫొటో తీసుకుని గ్రూపులో పెట్టాను. అరగంట తర్వాత రాహేలక్క రాసింది:

"ఫొటో సాలా బాగుంది కరుణా. ఇంత దూది ఎక్కడ కొన్నావే, గాజువాకలోనా, పూర్ణా మార్కెట్లోనా?"

అందువల్ల, ఈ తెల్లటి నేల సాక్షిగా, ఇది దూది కాదని నమ్మేవారందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. దేవునికి ముందుగా కృతజ్ఞత చెప్పుకోవడం నేను మానను, అది నా ప్రాణం. కాని ఆ సంగతి ఇకమీదట ఆయనకీ నాకూ మధ్యనే ఉంటుంది. ఇక్కడ శాశ్వత నివాసానికి ఇంకా కొన్నేళ్ళు ఆగాలట. ఆగుతాను, కదలకుండా ఆగుతాను. మొన్న ఒక్క సూట్‌కేసు మాత్రం తుడిచి పెట్టాను, ఆ కాగితం రాగానే ఊరెళ్ళి కూటం పెడదామని కాదు, ఊరికే దుమ్ము పట్టిందని.