ఇరవై మూడో ఫైలు

కరుణకు చప్పుడంటే గిట్టదు. తార్నాకలో, అటు రైలు పట్టాలకూ ఇటు మెయిన్‌రోడ్డుకూ మధ్య కాపురం ఉంటూ చప్పుడు గిట్టదనడం, చేపల బజారులో ఇల్లు కట్టుకుని నీచు వాసన పడదన్నట్టే ఉంటుంది. అయినా ఆమెకు గిట్టదు. యూనివర్సిటీ లైబ్రరీలో పాత పత్రికల్ని స్కాన్ చేసి కంప్యూటర్‌కెక్కించే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. వయసు ముప్పై నాలుగు. సాయంత్రం ఇంటికి రాగానే ముందు మైకు మీది గుడ్డ తీస్తుంది, తర్వాతే కాళ్ళు కడుక్కుంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మైకు, నాలుగు రకాల హెడ్‌ఫోన్లు, చుట్టూ బొంతలు వేలాడదీసి చేసుకున్న చిన్న గది, ఇవీ ఆమె ఆస్తులు. కొత్త యాప్ ఏది వచ్చినా రెండు రోజుల్లో దాని గుట్టు లాగాల్సిందే. వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా, ఎవరి పెళ్ళి వీడియోకు పాట అతికించాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. 'ఇంజనీరమ్మ' అని పిలుస్తారు. చదివింది బీకాం. ఆ పిలుపును మాత్రం ఆమె ఎన్నడూ సరిదిద్దలేదు.

బొంతల గదిలో ఆమె చేసే అసలు పని వేరే ఉంది. చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. నిరుడు ఇమ్మానుయేల్ కోసం హైదరాబాద్ రాజ్య చరిత్ర మొత్తం నలభై ఫైళ్ళుగా చదివింది. ఇమ్మానుయేల్‌ది నల్లగొండ వైపు పల్లె, పుట్టుకతోనే చూపు లేదు. క్యాంపస్ హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాడు. అన్ని పేపర్లూ గట్టెక్కి ఈ చరిత్ర పేపర్లో మాత్రం ఆరు మార్కులతో తప్పాడు. సోమవారం దానికే మళ్ళీ పరీక్ష. వాళ్ళ మండలంలో ఒక బడివాళ్ళు టీచరుగా తీసుకుంటామన్నారు, కానీ బడి తెరిచేనాటికి ఎం.ఏ. పాసైన కాగితం చేతిలో ఉండాలి. అంటే అతనికి ఉన్నది ఈ ఒక్క పరీక్షే.

ఇలాంటి సమయంలో ఊరికే ఉండటం తెలిసినవాళ్ళు ఊరికే ఉంటారు. ఇంజనీరమ్మ ఉండలేదు. చదివే మనిషి గొంతు ఒక్కటే ఉంచి మిగతా చప్పుళ్ళన్నీ తుడిచేసే కొత్త సాఫ్ట్‌వేర్ గురువారం ఆమె చేతికి దొరికింది. నలభై ఫైళ్ళనూ దానిలో వేసింది. 'పాతవి తీసేసి వాటి చోట కొత్తవి పెట్టమంటారా?' అని అది మర్యాదగా అడిగింది. డిస్కు నిండిపోయి ఉంది, పెట్టమంది. శుక్రవారం పొద్దున డ్యూటీకి పోతూ హాస్టల్ దగ్గర ఆగి, ఇమ్మానుయేల్ ఫోన్లో ఉన్నవి కూడా తీసేసి కొత్తవి ఎక్కించింది.

"ఇగ విను తమ్మీ, స్టూడియోల చదివినట్టుంటది," అంది గర్వంగా.

మధ్యాహ్నం మూడింటికి అతని ఫోన్ వచ్చింది.

"అక్కా, జిల్లాబందీ దొర్కుతలేదు. గదే, రాజ్యాన్ని జిల్లాలుగ పంచిన పాఠం."

"ఇరవై మూడో ఫైల్ల ఉంటది, చూడు."

"అండ్లనే ఎతుకుతున్న. నల్లా రాలే."

"నల్లా ఏంది?"

"మీ అమ్మ ఒర్లుతది గద, 'కరుణా, నల్లా వచ్చిందే' అని. అదైనంకనే జిల్లాబందీ మొదలైతది. కుక్కర్ మూడు సీటీలు గొట్టినంక హాలీ సిక్కా నాణేల పాఠం. మీ నాయిన గిలాస కింద పడేసినంక జాగీర్లు. ఇప్పుడు ఏం వినొస్తలేదు. అన్ని ఫైళ్ళు ఒక్క తీర్గనే ఉన్నయ్. నేను యాడున్ననో నాకే తెలుస్తలేదు."

"అవన్ని నేనే సాఫ్ చేసిన," అంది కరుణ నెమ్మదిగా.

"నా పుస్తకంల పేజీ నంబర్లు చింపేసినవ్ అక్కా," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.

మనం పుస్తకం చదివితే గీత గీసుకుంటాం, మూల మడుచుకుంటాం, టీ మరక పడ్డ పేజీలో ఏముందో జన్మలో మరిచిపోం. అతనికి ఆ మరకలన్నీ ఆమె ఇంటి చప్పుళ్ళే. ఏ చప్పుళ్ళకు ఆమె ఏడాదిగా సిగ్గుపడుతూ వచ్చిందో, వాటినే పట్టుకుని అతను చరిత్రంతా నడిచాడు. ఆ దారిని ఆమె ఒక్క బటన్ నొక్కి చదును చేసేసింది.

సెలవు చీటీ రాసిచ్చి, లాప్‌టాప్ సంచిలో వేసుకుని నల్లకుంటకు పరుగెత్తింది. పోయిన ఫైళ్ళు తెచ్చిపెట్టే రవికాంత్ అని ఒక మెకానిక్ ఉన్నాడక్కడ. అతను గంటసేపు చూసి కళ్ళజోడు తీశాడు.

"ఉత్తగ చెరిపేస్తే తెచ్చిస్తుంటి మేడం. మీరు దాని మీదకెల్లే కొత్తది రాసిన్రు. ఇగ రాదు."

"ఒక్క ఫైలన్న రాదా?"

"ఒక్కటి గుడ రాదు."

తిరుగు బస్సులో కరుణ ఏడ్చింది. కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా.

శనివారం పొద్దున ఎనిమిదింటికి హాస్టల్ ముందున్న రాతి బెంచీ మీద ఇమ్మానుయేల్ పక్కన కూర్చుంది. తెచ్చిన ఇడ్లీ పొట్లం అతను ముట్టుకోలేదు.

"చప్పుళ్ళు గుర్తున్నయా తమ్మీ?"

"ఎందుకు గుర్తుండవ్?"

"యాడ యాడ ఏమొస్తదో చెప్పు. మల్ల తయారుచేసి ఆ జాగలనే పెడత."

"రెండు దినాలల్ల అయితదా అక్కా? ఆ టైముల చదువుకుంట గద."

"కూసోని తిట్టుకునుడు కంటే నయం గద. చెప్పు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు, మొదట కోపంగా, తర్వాత వేగంగా. నాలుగో ఫైలులో రైలు కూత. తొమ్మిదిలో గిలాస. పదహారులో వీధిలో పాత సామాన్లు కొనేవాడి కేక. ఏ వాక్యం తర్వాతో తెలియాలి కదా, ఆ వాక్యమూ దాని ముందు వాక్యమూ ఆమె చదివినట్టే అప్పజెప్పేవాడు. కరుణ తల ఎత్తకుండా రాసుకుంది. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క చప్పుళ్ళు లెక్క తేలాయి.

ఆదివారం ఆ ఇంట్లో జరిగింది చూస్తే ఎవరైనా పిచ్చాసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళు. తల్లి పోచమ్మ ఖాళీ కుక్కర్లో నీళ్ళు పోసి మూడుసార్లు పొయ్యి మీద పెట్టింది. "పప్పు ఉడకబెట్టుడు సూసిన గని సీటీలు ఉడకబెట్టుడు ఇయ్యాలనే సూస్తున్న," అని గొణిగింది. తండ్రి లక్ష్మీనర్సయ్య మాత్రం ఉత్సాహంగా స్టీలు గిలాసను ఆరుసార్లు కింద పడేశాడు. "ఇంక గట్టిగ పడెయ్యాల్నా బిడ్డా?" అని ప్రతిసారీ అడిగాడు, ఆ మాట కూడా రికార్డయింది. మధ్యాహ్నం రెండు దాటింది.

ఇరవై మూడో ఫైలు దగ్గర బండి ఆగిపోయింది.

రోజూ కాలనీ అదిరేలా అరిచే పోచమ్మ మైకు ముందు కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, పురాణం చెప్పేవాళ్ళలా మెల్లగా అంది: "అమ్మా కరుణా, నల్లా వచ్చినదమ్మా."

"గట్ల కాదమ్మా. రోజు ఒర్రినట్టు ఒర్రు."

"నేనెప్పుడు ఒర్రిన్నే? మెల్లగనే చెప్త గద."

నాలుగుసార్లు చెప్పించింది. నాలుగుసార్లూ భజనే. చివరికి మైకు మీద ఒక పాత చీర కప్పి దాచి, తల్లిని వంటింట్లోకి పంపి, కోపం తెప్పించి మరీ అరిపించింది. అప్పుడు పడింది అసలైన కేక. కానీ ఆ కేకకు కింది వాటాలో ఉండే అమ్మాజీ నిద్రలోంచి లేచి, రెండు బిందెలతో నల్లా దగ్గరికి ఉరికింది. నల్లాలో చుక్క లేదు. మరుక్షణం మెట్లెక్కి వచ్చేసింది.

"నీళ్ళతోని పరాచికాలా పోచమ్మా? మోకాళ్ళ నొప్పుల మనిషిని నేను."

రికార్డింగులో కేక సగమే ఉంది, మిగతా సగం బిందెల మోత. ఇక జన్మలో ఒర్లనని పోచమ్మ ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టింది కూడా చాలా మెల్లగానే.

సాయంత్రం ఐదింటికి కరుణ హాస్టల్‌కు వెళ్ళి, ఇమ్మానుయేల్ ఫోన్లోకి ఫైళ్ళు ఎక్కించి అతని చేతికిచ్చింది. పంతొమ్మిది చప్పుళ్ళు చోటికి చేరాయి. మిగతావి చేరలేదు.

"ఇరవై మూడు?" ఇమ్మానుయేల్ మొదట అడిగింది అదే.

"కాలే తమ్మీ. అమ్మతోని కాలే."

అతని ముఖం వాడిపోయింది. "పోయినసారి నేను ఇడ్సిపెట్టింది గా ప్రశ్ననే. ఈసారి గుడ అదే వస్తదంటున్నరు," అన్నాడు. ఆమె క్షమించమని అడగబోయింది. మానుకుని అతని చెయ్యి పట్టుకుంది.

సోమవారం పది గంటలకు పరీక్ష మొదలైంది. చూపు లేనివాళ్ళకు వేరే గది, గంట ఎక్కువ సమయం, చెప్పింది రాసిపెట్టడానికి ఒక మనిషి ఉంటారు. ఇమ్మానుయేల్‌కు రాసేది నిరోష అనే డిగ్రీ అమ్మాయి. కరుణ బయట స్కూటర్ల పక్కన సిమెంటు గట్టు మీద కూర్చుంది. హెడ్‌ఫోన్లు తెచ్చుకోలేదు. నాలుగు గంటల పాటు నెమళ్ళ అరుపులూ, గడ్డి కోసే మిషన్ మోతా, తన గుండె చప్పుడూ విన్నది.

రెండింటికి ఇమ్మానుయేల్ బయటికొచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది. "నీళ్ళున్నయా అక్కా?" అన్నాడు అంతే. సీసా అందించింది.

వెనకాలే వచ్చిన నిరోష ఆమెను ఎగాదిగా చూసింది.

"కరుణ అంటే మీరేనా అక్కా?"

"నేనే. ఏమైందమ్మా?"

"మూడో ప్రశ్న చదివిన. జిల్లాబందీ గురించి రాయమని. పది నిమిషాలు అన్న నోరు తెర్వలే. వేరేది చదవాల్నా అంటే ఆగమన్నడు. కుర్చీల ఊగుతున్నడు. నాకు భయమైంది. మల్ల ఒక్కసారిగ ముసలామె లెక్క ఒర్రిండు, 'కరుణా, నల్లా వచ్చిందే, బిందెలు పెట్టూ' అని. నా చేతిల పెన్ను కింద పడ్డది. సార్ ఉరికొచ్చిండు. అన్న సారీ సార్ అన్నడు, నా దిక్కు తిరిగి 'రాయి చెల్లె' అన్నడు. ఇగ ఆగలే. ఐదు పేజీలు. మధ్యల ఎక్కడ గుడ ఎతుక్కోలే." వేళ్ళు విరుచుకుంది. "చెయ్యి గుంజుతున్నది అక్కా."

కరుణకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, చూసేవాళ్ళు చూడనీ అనుకుంది.

"మా అమ్మనే మైకు ముంగట ఒర్లలేకపోయింది. నువ్వెట్ల ఒర్రినవ్ తమ్మీ?"

ఇమ్మానుయేల్ సీసా ఖాళీ చేసి మూత బిగించాడు.

"నా కాడ మైకు లేకుండె గదక్కా," అన్నాడు.